తడి భుజం

విమానం ఎక్కాలన్నా మా ఊళ్ళో ముందు పడవ ఎక్కాలి. ఊరు ఇటు గట్టున, విమానాశ్రయం అటు గట్టున. మధ్యలో ఏరు సముద్రంలో కలిసే చోట గంటసేపు దాటేంత నీళ్ళు. డబ్బున్నవాళ్ళు మా ఫ్రీటౌన్ పడమటి చివర అబర్డీన్‌కి వెళ్ళి, అక్కడి వేగం పడవల్లో చెప్పుల అడుగు కూడా తడవకుండా దాటుతారు. మిగిలినవాళ్ళంతా తూర్పున కిస్సీలో ఉన్న మా రేవుకే వస్తారు. రేవని పేరే గాని దిగడానికి ఒక మెట్టు లేదు, కాలు పెట్టడానికి ఒక బల్ల లేదు. పాంపా అనే పొడవాటి చెక్క పడవ ఒడ్డుకు వస్తే ఒండ్రులో కూరుకుపోతుంది కాబట్టి నడుంలోతు నీళ్ళలోనే ఆగిపోతుంది. అక్కడిదాకా మనుషుల్ని మనుషులే మోసుకెళ్తారు.

ఆ మోతగాళ్ళలో పా యాంబా అందరికంటే పాతవాడు. పెద్దవాళ్ళని మేం పా అని పిలుస్తాం. ఇరవయ్యారేళ్ళు మోశాడు. పొట్టి మనిషి. మెడ ఉన్నట్టే కనిపించదు, ఉన్నదంతా భుజాలే. ఒడ్డున వంగి, రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, "కూర్చో తల్లీ" అనేవాడు. కూర్చున్నాక ఒక్క క్షణం ఆగి, బరువు ఎటు ఒరుగుతోందో చూసుకుని లేచేవాడు. నీళ్ళలో కాలు ఎత్తి వేసేవాడు కాదు, అడుగున ఈడ్చుకుంటూ వెళ్ళేవాడు. ఆల్చిప్పల గుట్ట ఎక్కడుందో, పాత లంగరు ఎక్కడ పూడుకుపోయిందో ఆయన కాలికి తెలుసు. అందుకే బజారు ఆడవాళ్ళు పక్కన ముగ్గురు ఖాళీగా ఉన్నా ఆయన కోసమే నిలబడేవాళ్ళు.

"మా ఇంట్లో మంచం మీద కన్నా నీ భుజం మీదే నిద్ర బాగా పడుతుంది పా," అనేది ఎండుచేపలమ్మే ఒకావిడ.

"అయితే మీ ఆయన్ని కూడా తీసుకురా. పాపం ఆయనకీ నిద్ర ఉండాలిగా," అనేవాడు. ఒడ్డంతా నవ్వేది.

నేను ఆ ఒడ్డునే కర్రపెండలం రొట్టె, వేయించిన చేప అమ్ముతాను. ఏడో తరగతి సగంలో ఉండగా అమ్మ పోయింది. పిన్ని ఇంటికి వచ్చి తట్ట ఎత్తుకున్నాను. మిగతావాళ్ళలా కేకలు పెట్టి అమ్మడం నాకు చేతకాదు. మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. మొదటి వారం తట్టని తెచ్చింది తెచ్చినట్టే ఇంటికి మోసుకెళ్ళాను. అది పా యాంబా కంట పడింది కాబోలు. అవతల నుంచి వచ్చినవాళ్ళని దించేటప్పుడు సరిగ్గా నా తట్ట ముందు, వాళ్ళ ముఖం నా వైపు ఉండేలా దించడం మొదలుపెట్టాడు. గంటసేపు ఎండలో కూర్చుని వచ్చినవాళ్ళకి ఎదురుగా వేడి చేప. ఆయన నన్ను ఒక్క మాటా అడగలేదు, నేనూ చెప్పలేదు. మూడేళ్ళు అలాగే గడిచింది.

మోతగాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. మనిషిని నీళ్ళలో పడేసినవాడి భుజం తడి భుజం. తడి భుజం వాడు మూటలు మోయొచ్చు, మేకల్ని మోయొచ్చు, మనిషిని మాత్రం మోయకూడదు. పడినవాళ్ళే మళ్ళీ వచ్చి, తమంతట తాము ఆ భుజం మీద కూర్చుని, పొడిగా చేరితేనే అది ఆరినట్టు. అప్పుడు మోతగాళ్ళ పెద్ద గుప్పెడు పొడి ఇసుక తెచ్చి ఆ భుజానికి రాస్తాడు. మామూలుగా అది ఒకటి రెండు రోజుల ముచ్చట. దాటేవాళ్ళంతా రోజూ దాటేవాళ్ళే. ఇవాళ పడినావిడ రేపు పొద్దున్నే వచ్చి, నాలుగు తిట్లు తిట్టి, అదే భుజం ఎక్కేది.

పూర్వం ఆ పెద్దరికం పా యాంబాదే. ఆ రోజుల్లో తైము అనే మోతగాడు కొత్తగా చేరి, మామిడిపళ్ళమ్మే ఒకామెని పడేశాడట. ఆమెకి జ్వరం తగిలి రేవుకి రాలేదు. నాలుగో రోజున కూతురు బుట్ట తీసుకుని వస్తే, తైము ఆ బుట్టని తల మీద పెట్టుకుని జాగ్రత్తగా పడవకి చేర్చి, ఇది ఆమెదే గదా, దీనితో సరిపెట్టండని బతిమాలాడు. పా యాంబా వినలేదు.

"బుట్ట మనిషి కాదురా," అన్నాడు.

ఆమె లేచి వచ్చేదాకా తైము తొమ్మిది రోజులు కూర్చున్నాడు. ఇప్పుడు తైమే మోతగాళ్ళ పెద్ద. ఆ తొమ్మిది రోజుల కథ తనే అందరికీ నవ్వుతూ చెబుతాడు.

ఫిండా వచ్చిన రోజు ఆటు బాగా లాగింది. నీళ్ళు దూరం జరిగి, ఒడ్డుకీ పడవకీ మధ్య అరవై అడుగుల పైనే నడక పడింది. ఫిండాకి నా ఈడే ఉంటుంది. ఎడారి దేశంలో ఒక ఇంట్లో పనికి కుదిరి, ఆ సాయంత్రం విమానానికి వెళ్తోంది. కొత్తగా అల్లించుకున్న జడలు, పసుపు రంగు జాకెట్టు, తల మీద తోలు సంచి. అక్క సియా సాగనంపడానికి వచ్చింది.

మనిషి ముందు, సామాను తర్వాత. ఇది మోతగాళ్ళు అందరికీ చెప్పే మాట. పా యాంబా కూడా చెప్పాడు. ఫిండా సంచిని రెండు చేతులతో ఇంకా గట్టిగా పట్టుకుంది. పాస్‌పోర్టు దాని పై అరలో ఉంది.

"ఇది వదలను పా. ఇది పోతే నేనెవర్నో చెప్పడానికి నా దగ్గర ఇంకేముంది?"

పడవవాడు ఇంజను తిప్పాడు. ఆ పడవ తప్పితే అవతల వ్యాను తప్పుతుంది, వ్యాను తప్పితే విమానం తప్పుతుంది. ఆయన ఆ పిల్ల ముఖంలోకి చూసి ఒప్పుకున్నాడు. ఆ వానాకాలం నుంచీ ఆయన ఎడమ మోకాలికి గుడ్డ కట్టుకుని ఉంటున్నాడు. ఎవరైనా అడిగితే చలికని చెప్పేవాడు. తడిసిన గుడ్డ చలికి ఏం పనికొస్తుందని నేను అనుకునేదాన్ని, పైకి అనలేదు.

సగం దూరం బాగానే వెళ్ళారు. అప్పుడు ఒడ్డు నుంచి సియా, "ఫిండా," అని పిలిచింది. ఏదో చెప్పడానికి కాదు. ఊరికే, చెల్లెలు వెళ్ళిపోతోందని. ఫిండా వెనక్కి తిరిగింది. తల మీద సంచి ఒక పక్కకి ఊగింది. పా యాంబా దాన్ని ఆపడానికి ఎడమకాలు వేశాడు, ఆ మోకాలు మడత పడింది. ఇద్దరూ ఒక్కసారే మునిగారు.

సంచి తేలింది, పై అర తెరుచుకుంది. ఫిండా నీళ్ళలో చేతులు పెట్టి వెతికి ఆ చిన్న పుస్తకాన్ని పట్టుకుంది. ఏడవలేదు, తిట్టలేదు. పుస్తకాన్ని పళ్ళ మధ్య కరిచిపట్టుకుని ఈదుకుంటూ, నడుచుకుంటూ పడవ ఎక్కింది. పడవ వెళ్ళిపోయింది. పా యాంబా అక్కడే నీళ్ళలో నిలబడి పడవ కనబడినంతసేపూ చూశాడు. మా రేవులో అంతకుముందు విమానం మనిషిని ఎవరూ పడేయలేదు. ఆ సంగతి ఒడ్డున అందరికీ ఒకేసారి తట్టినట్టుంది. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు అవతలి పడవవాళ్ళు కబురు తెచ్చారు. ఆ పిల్ల అవతల గట్టున తాగ్రిన్ రేవులో చిక్కుడుగింజలు ఉడికించి అమ్మే ఆవిడ పొయ్యి పక్కన కూర్చుని ఒక్కో పేజీ ఆరబెట్టుకుందట. తర్వాత వ్యాను ఎక్కిందట. అంతే తెలుసు. విమానం ఎక్కనివ్వకపోతే తిరిగి ఈ రేవుకే రావాలి. పా యాంబా ఎనిమిది రోజులు ప్రతి పడవకీ లేచి చూశాడు. వస్తే ఆయన భుజం ఆరుతుంది, ఆ పిల్ల బతుకు మునుగుతుంది. రాకపోతే ఆ పిల్ల గట్టెక్కినట్టు, ఈయన మునిగినట్టు. మధ్యాహ్నం నమాజు అయ్యాక మిగతావాళ్ళు లేచిపోయినా ఆయన అరచేతులు తెరుచుకుని అలాగే కూర్చుని ఉండేవాడు. ఏమడగాలో తోచక కూర్చున్నాడని నాకు అనిపించేది.

చెల్లెలు పడిన రోజు సియా ఒడ్డున కూలబడితే నేను నీళ్ళిచ్చాను. లమ్లీ బజారులో పాత బట్టలు అమ్ముతానని అప్పుడు చెప్పింది. తొమ్మిదో రోజున పా యాంబా ఎవరినైనా మాట అడగబోయేటప్పుడు ఇచ్చే తెల్ల కోలా కాయలు నాలుగు ఆకులో చుట్టుకుని, నన్ను తోడు రమ్మన్నాడు. ఆయనకి చదువు రాదు, లమ్లీ దాకా ఎప్పుడూ వెళ్ళలేదు. ఊరి తూర్పు చివర నుంచి పడమటి చివరికి రెండు వ్యాన్లు మారాలి. గడియార స్తంభం దగ్గర గంటసేపు కదలకుండా నిలిచిపోయాం. మోటారు సైకిళ్ళు సందుల్లోంచి దూరిపోతున్నాయి, కిటికీలోంచి మంచినీళ్ళ పొట్లాలు లోపలికి వస్తున్నాయి. వెనక సీట్లో ఎవరో ఒకావిడ పా యాంబా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆయన ఊపిరి బిగబట్టి, ఒక్క ఇంచీ కదలకుండా, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. ఆమె దిగిపోయాక గాని భుజం దించలేదు.

సియా మమ్మల్ని చూడగానే గుర్తుపట్టింది. బట్టల కుప్ప మీంచి లేవలేదు. పా యాంబా కోలా పొట్లం ఆమె ముందు పెట్టి, పిల్ల చేరిందా అని అడిగాడు.

"చేరింది. తడిసిన పుస్తకం చూసి చివరిదాకా నిలబెట్టారంట. అందరూ ఎక్కేశాక వదిలారు."

ఆయన అరచేతులు తెరిచి దేవుణ్ణి తలుచుకున్నాడు. అది మనస్ఫూర్తిగా తలుచుకున్నదే. నేను పక్కనే ఉన్నాను, చూశాను. ఆ తర్వాత, మళ్ళీ ఎప్పుడొస్తుందని అడిగాడు. ఎందుకని ఆమె అడిగితే కట్టుబాటు సంగతి చెప్పాడు. సియా ముందు నవ్వింది, తర్వాత ముఖం మారిపోయింది.

"అంటే నా చెల్లెలి పని ఎప్పుడు ఊడుతుందా అని చూస్తున్నావన్నమాట. పడేసింది చాల్లేదా పా?"

"కాదమ్మా. పని బాగా జరగాలి. జరిగాకే రావాలి."

"రెండేళ్ళ ఒప్పందం. రెండేళ్ళు నీ భుజాన్ని ఎండలో ఆరేసుకో, పో."

కోలా పొట్లాన్ని వేలితో వెనక్కి నెట్టింది. కోలా తీసుకోలేదంటే మాట వినలేదని అర్థం. వెనక్కి పిలిచింది నువ్వే గదమ్మా అని ఆయన అనొచ్చు. ఆ మాట ఆయన నోటి దాకా వస్తుందని నేను ఎదురుచూశాను. రాలేదు. పొట్లం జేబులో పెట్టుకుని లేచాడు.

తిరిగి వచ్చేటప్పుడు అబర్డీన్ చూపించమన్నాడు. అక్కడి వేగం పడవ నీళ్ళ మీద తేలే బల్లకి ఆనుకుని ఉంది. మనుషులు చక్రాల పెట్టెలు లాక్కుంటూ, ఫోన్లో మాట్లాడుకుంటూ బల్ల మీంచి నేరుగా లోపలికి అడుగేస్తున్నారు. ఆయన చాలాసేపు చూశాడు.

"ఇక్కడ ఎవరూ మొయ్యరా?"

"మొయ్యరు పా."

"మరి పడితే?"

"పడరు."

ఆయన తల ఊపాడు. కాస్త దూరం నడిచాక, సంపాదించుకుని వస్తే ఆ పిల్ల ఇక్కడే దిగుతుంది గదా అన్నాడు. చేతిలో నాలుగు డబ్బులుంటే మా రేవుకి ఎవరొస్తారు? అంటే ఆ పిల్ల ఓడిపోయి వస్తేనే ఈయన దగ్గరికి వస్తుంది. అది ఇద్దరికీ తెలుసు.

ఆ రెండేళ్ళూ ఆయన మూటలు మోశాడు. బియ్యం బస్తాలు, ఉల్లిపాయల గోనెలు, కాళ్ళు కట్టిన మేకలు. మూటలకి మనిషి మోతలో సగం కూడా రాదు. భార్య పోయి చాలాకాలమైంది, కూతుళ్ళిద్దరూ మకెనీలో కాపురాలు చేసుకుంటున్నారు. వాళ్ళకి ఆయన ఏమీ చెప్పలేదు. ఎక్కువ రోజులు మధ్యాహ్నం తిండి మానేసి, నేను మిగిలిన రొట్టె ఇస్తే, ఇప్పుడే తిన్నానని అబద్ధం చెప్పేవాడు. ఇప్పుడు మనుషుల్ని మోసుకొచ్చేవాళ్ళు నా తట్ట ముందు దించరు. ఎక్కడ పొడి నేల తగిలితే అక్కడ దించేసి పోతారు. నా అమ్మకాలు పడిపోయాయి. పిన్ని నోరు పెరిగింది.

రెండో వానాకాలంలో తైము మోతగాళ్ళందర్నీ కూర్చోబెట్టి, ఇంక చాలు, పా యాంబాకి ఇసుక రాసేద్దాం అన్నాడు. విమానం ఎక్కిపోయినవాళ్ళ కోసం ఈ కట్టుబాటు పెట్టలేదని అన్నాడు. అందరూ సరేనన్నారు. పా యాంబా ఒక్కడే అడ్డం చెప్పాడు. తైము ఊరుకోక ఆయన్ని చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకొచ్చి వరసలో నిలబెట్టాడు. ఆయన వంగాడు. అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, "కూర్చో తల్లీ" అన్నాడు.

ఎవరూ కూర్చోలేదు. ఎండుచేపల ఆవిడ ఆయన దాకా వచ్చింది. తడి భుజం ఎక్కితే సరుకు అమ్ముడుపోదని ఆడవాళ్ళ నమ్మకం. ఆయన వీపు వైపు కాసేపు చూసి, "నడుం నెప్పిగా ఉంది పా, ఇవాళ పొడుగువాడైతే నయం," అని పక్కవాడి భుజం ఎక్కింది. ఆమె వెనకాల అందరికీ నడుం నెప్పులొచ్చాయి. పడవ వెళ్ళిపోయింది. ఆయన నిటారుగా లేచి, ఏమీ జరగనట్టు బస్తాల వైపు నడిచాడు. తైము తల దించుకున్నాడు.

వానలు వెనకపట్టాయి. రెండేళ్ళు నిండడానికి నెల ఉందనగా ఒకరోజు పొద్దున్న ఆయన నన్ను పక్కకి పిలిచాడు. ఒడ్డున ఇంకా ఎవరూ లేరు, మంచు పొగలా నీళ్ళ మీద పట్టి ఉంది.

"ఒకసారి కూర్చుంటావా తల్లీ? భుజం మనిషి బరువు మర్చిపోయిందేమోనని."

తడి భుజం ఎక్కకూడదని నాకూ తెలుసు. చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కాను. ఆయన లేచాడు. మొదటి పది అడుగులు పాతరోజుల్లాగే వెళ్ళాడు. ఆ పైన నా కింద ఏదో సన్నగా అదరడం మొదలైంది. గిన్నె మీద మూత ఉడుకుతున్నప్పుడు అదిరినట్టు. అది ఎడమకాలి నుంచి వస్తోంది. నడుంలోతుకి చేరకుండానే ఆయన ఆగిపోయాడు.

"ఏమైంది పా?"

"ఏం లేదు. నీళ్ళు చూస్తున్నా."

ఆయన నీళ్ళు చూడడం లేదు. కాలు కదులుతుందా లేదా అని చూసుకుంటున్నాడు. ఎంతసేపటికో మెల్లగా వెనక్కి తిరిగి నన్ను ఒడ్డున దించాడు. ముఖమంతా చెమట. నా కళ్ళలోకి చూశాడు. ఆయనకి నిజం చెప్పగలిగినవాళ్ళు ఆ ఒడ్డున నేనొక్కదాన్నే. మొయ్యలేవు పా, ఆ పిల్ల వచ్చినా మళ్ళీ పడేస్తావు, ఇంక దీన్ని వదిలెయ్యి. ఈ మాటలన్నీ వరసగా నా గొంతులో నిలబడ్డాయి.

"బాగా మోశావు పా," అన్నాను.

ఆయన నవ్వాడు. రెండేళ్ళలో ఆ నవ్వు చూడడం అదే మొదలు. ఆ రోజు నుంచి రోజూ మోకాలికి పామాయిలు మర్దనా చేసుకున్నాడు, ఆటు వచ్చినప్పుడల్లా ఒంటరిగా ఆ దారి నడిచి, కాలితో రాళ్ళు తడిమి పక్కకి నెట్టాడు.

ఆ తర్వాత మూడు వారాలకి ఒక మధ్యాహ్నం సియా రేవుకి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా, రెండేళ్ళ కింద నిలబడిన చోటే నిలబడింది. ఆమెని చూడగానే నాకు అర్థమైంది. పా యాంబాకీ అర్థమైంది. బస్తా దించి, చొక్కా విప్పి, భుజాన్ని అరచేత్తో ఒకసారి తుడుచుకున్నాడు.

పడవ వచ్చి ఆగింది. ఆటు నీళ్ళు, మళ్ళీ అంతే దూరం. తైము చెయ్యి ఎత్తితే మోతగాళ్ళంతా ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. పడవలోవాళ్ళు ఎందుకు రావడం లేదని కేకలు పెట్టి, పా యాంబా ఒక్కడే నీళ్ళలో నడిచి వస్తుంటే చూసి వాళ్ళు కూడా ఊరుకున్నారు. తైము వంగి పొడి ఇసుక గుప్పెడు తీసుకుని, పిడికిలి మూసి నిలబడ్డాడు. నేను తట్ట దించి మోకాలిలోతు దాకా వెళ్ళాను.

ఫిండా పడవ అంచున కూర్చుని ఉంది. అదే పసుపు జాకెట్టు, ఇప్పుడు ఆమెకి వదులైంది. జడలు లేవు, జుట్టు మగవాళ్ళలా కురచగా కత్తిరించి ఉంది. తోలు సంచి లేదు, ఒళ్ళో చిన్న ప్లాస్టిక్ సంచి ఉంది. ఇంత సన్నటి మనిషి ఏం బరువుంటుంది, మోసేస్తాడు అనుకున్నాను. ఆ ఒక్క క్షణం నేను నిజంగా నమ్మాను.

పా యాంబా పడవని చేరి, వీపు తిప్పి వంగాడు.

"కూర్చో తల్లీ."

ఆమె ఆ భుజం వైపు చూసింది. ఎవరో గుర్తుపట్టింది. తర్వాత కిందికి చూసింది. నీళ్ళు మురికిగా ఉన్నా, లోపల కాలు వణుకుతుంటే పైన చిన్న చిన్న వలయాలు లేస్తాయి. అవి నాకు అంత దూరం నుంచే కనిపించాయి.

"వద్దు పా. నీ మీద కోపమేం లేదు," అంది. "నా పుస్తకం కూడా ఆ ఇంటివాళ్ళే ఉంచేసుకున్నారు. రావడానికి ఇచ్చిన కాగితం విమానం దిగగానే తీసేసుకున్నారు. తడిస్తే పాడయ్యేది ఇప్పుడు నా దగ్గర ఏదీ లేదు."

"నాకోసం కూర్చో అమ్మా," అన్నాడాయన. ఇంకా వంగే ఉన్నాడు. ఆయన ఒకరిని అలా అడగడం నేను ఎప్పుడూ వినలేదు. "ఒక్కసారి. ఒడ్డుదాకా."

"రెండేళ్ళు ఎవరు ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడ్డాను పా. ఇంక నా కాళ్ళతో నేను నడుస్తాను."

ఆమె అంచు పట్టుకుని నీళ్ళలోకి దిగింది. దిగాక ఏమనుకుందో, ఒళ్ళోని ప్లాస్టిక్ సంచిని ఆయన వంగిన భుజం మీద పెట్టి, ఇది తీసుకురమ్మంది. దయతోనే అన్నట్టుంది. ఊరికే పంపడం ఇష్టం లేక ఏదో ఒక పని చెప్పినట్టు. తర్వాత నడుంలోతు నీళ్ళని రెండు చేతులతో పక్కకి తోసుకుంటూ, ముందుకే చూస్తూ నడిచి వచ్చింది. సియా ఈసారి పిలవలేదు. చెల్లెలు ఒడ్డెక్కేదాకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఆమె వెనకాల పా యాంబా సంచి మోసుకుంటూ వచ్చాడు. కాలు ఈడుస్తూ, రాళ్ళు తడుముకుంటూ, మనిషిని మోసినంత జాగ్రత్తగా. దాని మీద ఒక్క చుక్క పడలేదు. తెచ్చి నా తట్ట ముందు దించాడు. అక్కాచెల్లెళ్ళు దాన్ని తీసుకుని వ్యానుల వైపు వెళ్ళిపోయారు.

తైము పిడికిలి ముడుచుకునే దగ్గరికి వచ్చాడు. చాలా మెల్లగా మాట్లాడాడు.

"సంచి ఆమెదే గదా పా. తనంతట తనే నీ భుజం మీద పెట్టింది. పొడిగానే వచ్చింది. సరిపెడదాం."

పా యాంబా తైము ముఖం చూడలేదు.

"సంచి మనిషి కాదురా," అన్నాడు.

పడినవాళ్ళు తిరిగి వచ్చి, ఎక్కనని తమ కాళ్ళతో ఒడ్డు చేరితే ఇంక ఆ భుజం ఎప్పటికీ ఆరదు. తైము వేళ్ళు విప్పాడు, ఇసుక కింద పడింది. మోతగాళ్ళు ఒక్కొక్కరే నీళ్ళలోకి దిగి, పడవలో మిగిలినవాళ్ళని మోసుకురావడానికి వెళ్ళారు.

నేను ఆ పొద్దున్న నిజం చెప్పి ఉంటే ఆయనకి ఆ వంగడం, ఆ అడగడం లేకుండా పోయేవి. ఆ మాట ఇప్పటికీ నా గొంతులోనే ఉంది. ఇప్పుడు చెప్పినా ఎవరికీ పనికిరాదు.

మర్నాడు ఆయన ఎప్పటిలాగే వచ్చాడు. మోకాలికి గుడ్డ కట్టుకోలేదు. ఉల్లిపాయల గోనెల పక్కన కూర్చున్నాడు. అవతలి నుంచి మొదటి పడవ ఇంజను చప్పుడు వినబడింది. ఈ రెండేళ్ళలో ఆ చప్పుడుకి ఆయన లేచి నిలబడని రోజు లేదు. నేను ఆయన వైపే చూస్తున్నాను. ఆయన తల ఎత్తలేదు.